ఆచార్య రంగాగారి గెలుపులు, ఓటములు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, పెన్షను లెక్కల గురించో, డి.ఎ. బకాయిల గురించో అనుకున్నాను. కాదు, మన జిల్లాకు చెందిన ఒక ప్రముఖుని జీవితం రాయమన్నారు. 2025 నవంబరు 7వ తేదీతో ఆచార్య ఎన్.జి. రంగాగారు పుట్టి 125 సంవత్సరాలు నిండాయి కనుక వారి గురించి రాద్దామని ఒప్పుకున్నాను. నేను చరిత్రకారుడిని కాను. 1973లో రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. నాకు తెలిసినవల్లా రెండు సంగతులు. ఒకటి భూమి రికార్డులు, రెండోది ఎన్నికల డ్యూటీ. రంగాగారి జీవితమంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది కాబట్టి ఆ సాహసం చేస్తున్నాను. సర్వీసులో ఉండగా రాజకీయాలు మాట్లాడితే ప్రవర్తనా నియమావళి అడ్డు వచ్చేది. ఇప్పుడు ఆ భయం లేదు.

రంగాగారి అసలు పేరు గోగినేని రంగనాయకులు. పొన్నూరును ఆనుకుని ఉన్న నిడుబ్రోలులో 1900లో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరులో చదివి, తరువాత ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఆయన పేరు ముందు ఆచార్య అన్న మాట అలా వచ్చి చేరింది. అంత చదువు చదివినవారు ఆ రోజులలో ఐ.సి.ఎస్. వైపో, బారిస్టరు వృత్తి వైపో చూసేవారు. ఈయన మాత్రం డెల్టా గ్రామాలలో రైతు ఆదాయమెంత, ఖర్చెంత, అప్పెంత అని లెక్కలు కట్టి పుస్తకాలు రాశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజులలో గాంధీగారి పిలుపు విని ఉద్యమంలోకి వచ్చారు. సహధర్మచారిణి భారతీదేవిగారు కూడా ఆయనతో పాటు జాతీయోద్యమంలో నడిచినవారే.

అవి ధాన్యం ధర పడిపోయి, శిస్తు మాత్రం తగ్గని రోజులు. పండినదంతా అమ్మినా కిస్తీకి చాలక, అప్పులు తెచ్చి కట్టిన రైతులు డెల్టాలో ఎందరో. జమీందారీ గ్రామాలలో పరిస్థితి ఇంకా అన్యాయం. రంగాగారు ఆ రైతులను కూడగట్టారు. వెంకటగిరి జమీందారీ రైతుల తరఫున నిలబడ్డారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి, పల్లెటూరి యువకులకు అర్థశాస్త్రం, రాజకీయం నేర్పించారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ తరువాత జరిగిన రైతు యాత్ర సంగతి మన తరంలో కూడా చాలామందికి తెలియదు. ఇచ్ఛాపురంలో బయలుదేరి తొమ్మిది జిల్లాల మీదుగా, 130 రోజులపాటు, 1500 మైళ్ళకు పైగా రైతులు నడిచారు. దారి పొడుగునా వెయ్యికి మించి అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు సమర్పించారు. మా నాన్నగారికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. యాత్ర మా వైపు వచ్చినప్పుడు ఒక పగలంతా వారితో నడిచానని, సాయంత్రానికి కాళ్ళు బొబ్బలెక్కాయని చెప్పేవారు. అర్జీల మూటలు మోసేవాళ్ళను చూసి, ఇన్ని కాగితాలు ఎవరు చదువుతారా అని తనకు అనుమానం వచ్చిందట. తరువాత నా ఉద్యోగం అర్జీలు చదవడమే అయింది. అది వేరే సంగతి.

రంగాగారి మొదటి ఎన్నిక ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు. 1934లో గుంటూరు, నెల్లూరు జిల్లాల గ్రామీణ నియోజకవర్గం నుండి కాంగ్రెసు తరఫున గెలిచారు. అప్పట్లో అందరికీ ఓటు లేదు. ఆస్తినిబట్టి, కట్టే పన్నునుబట్టి ఓటు. అంటే ఆయనను ఢిల్లీకి పంపినవారు పట్టాదారులే కాని, కౌలుదార్లు, కూలీలు కారు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకోవాలి. దీని అవసరం ముందు ఉంది.

అక్కడ మొదలైన పార్లమెంటు జీవితం 1991లో తొమ్మిదో లోక్‌సభ రద్దయ్యేవరకు, మధ్యలో కొద్ది ఏళ్ళ విరామం పోను, సాగింది. కేంద్ర శాసనసభ, రాజ్యాంగ సభ, తాత్కాలిక పార్లమెంటు, రాజ్యసభ, లోక్‌సభ, అన్నింటిలోనూ కూర్చున్న మనిషి. యాభై ఏళ్ళ పార్లమెంటు సేవకు గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కారు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మంత్రిగా లేరు. సాధారణంగా మనవాళ్ళు గిన్నిస్ సంగతి చెప్పి ఊరుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యమైనది ఆయన ఓడిన ఎన్నికలు, ఓడిన తరువాత ఆయన వెళ్ళిన ఊళ్ళు.

మొదటి పెద్ద ఓటమి ప్రజల చేతిలో కాదు, పార్టీలోనే జరిగింది. స్వాతంత్ర్యం వచ్చే రోజులలో ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులు. 1951లో ఆ పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. ఆ తరువాత కాంగ్రెసును వదిలి, కొద్దికాలం ప్రకాశం పంతులుగారితో కలిసి, మళ్ళీ విడిపోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952 మద్రాసు శాసనసభ ఎన్నికలలో ఆ పార్టీకి 15 స్థానాలు వచ్చాయి. రంగాగారు రాజ్యసభకు వెళ్ళారు. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికల గురించి పాతవాళ్ళకు చెప్పనక్కరలేదు. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న మాట ఊరూరా వినిపించిన ఎన్నికలవి. కాంగ్రెసు, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ కలిసి ఒక్క కూటమిగా పోటీచేసి 196లో 146 స్థానాలు గెలుచుకున్నాయి. కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. రంగాగారు మళ్ళీ కాంగ్రెసులో కలిశారు. 1957లో తెనాలి నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

1957 ఎన్నికలలో ఓటు వేసే పద్ధతి ఇప్పటివారికి వింతగా ఉంటుంది. అభ్యర్థికొక పెట్టె. ప్రతి పెట్టె మీదా గుర్తు అంటించి ఉంటుంది. ఓటరు కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళి తనకు కావలసిన పెట్టెలో వేసి రావాలి. ముద్ర వేయడం లేదు, మడత పెట్టడంలో పొరపాట్లు లేవు. తెనాలి తాలూకాలో మాది చిన్న పల్లె. నాకు అప్పుడు ఆరేళ్ళు. మా నాన్నగారు కాడెద్దుల పెట్టెలో వేసి వచ్చానని ఇంట్లో చెప్పడం లీలగా గుర్తు. కాడెద్దులంటే అప్పటి కాంగ్రెసు గుర్తు, అంటే రంగాగారికే.

రెండేళ్ళు తిరగకుండానే అంతా మారిపోయింది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతులు తమ కమతాలను కలిపి ఉమ్మడిగా సాగుచేసుకోవాలన్నది దాని సారాంశం. నెహ్రూగారి మాట అప్పట్లో వేదవాక్కు. ఎదురు చెప్పినవారు చాలా తక్కువ. రంగాగారు ఎదురు చెప్పారు. గట్టు తీసేస్తే రైతు కూలీవాడైపోతాడని, చిన్న కమతమైనా తన కమతం తన చేతిలో ఉండాలని ఆయన వాదన. రష్యా, చైనాలలో రైతుకు పట్టిన గతి ఇక్కడా పడుతుందని హెచ్చరించారు. అధికార పార్టీలో ఉండి, గెలిచి రెండేళ్ళు కాకముందే, ఏ పదవీ ఆశించకుండా బయటకు వచ్చేశారు. ఆ సంవత్సరమే రాజాజీ, మీనూ మసానీ, మున్షీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. దానికి మొదటి అధ్యక్షులు రంగాగారే.

ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఆయన పార్టీలు మారారని ఆక్షేపించినవారు చాలామంది ఉన్నారు. కాంగ్రెసు, కృషికార్ లోక్, కాంగ్రెసు, స్వతంత్ర, మళ్ళీ కాంగ్రెసు. లెక్కవేస్తే నిజమే. కాని 1959లో మారడం మాత్రం లాభానికి మారడం కాదు. ఉన్న సీటును చేజేతులా పోగొట్టుకోవడం. మరో పక్క, జమీందార్ల మీద పోరాడిన మనిషి కొత్త పార్టీలో రాజాల, మహారాణుల సరసన కూర్చోవలసి వచ్చింది. జైపూరు మహారాణి గాయత్రీదేవి ఆ పార్టీ ఎం.పి. ఆ కూర్పు ఆయన పాత అనుచరులలో కొందరికి మింగుడు పడలేదు. నాకూ ఈనాటికీ పూర్తిగా మింగుడు పడదు.

1962లో తెనాలిలో నక్షత్రం గుర్తు మీద నిలబడ్డారు. కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్యగారి చేతిలో ఓడిపోయారు. ఏ గడ్డ మీద రైతు విద్యాలయం పెట్టారో, ఏ రైతుల కోసం జైలుకు వెళ్ళారో, ఆ జిల్లాయే ఆయనను కాదన్నది.

కాదన్నవారిలో మా నాన్నగారు ఒకరు. ఆ ఏడు పెట్టెల పద్ధతి పోయి ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ముద్ర సరిగా పడిందో లేదోనన్న కంగారులో, కంకి కొడవలి మీద వేశానని అరుగు మీదే చెప్పేశారు. మా అమ్మ కేకలు వేసింది. మాకు సొంత భూమి లేదు. ఒక ఆసామి దగ్గర మూడెకరాల మాగాణి కౌలుకు చేసేవారు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట. పండినా ఎండినా ఆ బస్తాలు కొలవాలి. రంగాగారు సహకార సేద్యం వస్తే రైతు భూమి పోతుందన్నారు. పోవడానికి మాకు భూమి ఉంటే కదా అని మా నాన్నగారి ప్రశ్న. యాత్రలో నడిచి బొబ్బలెక్కిన కాళ్ళవాడు ఆ మాట అనడం వెనక ఎంత బాధ ఉందో పదకొండేళ్ళ పిల్లవాడికి తెలియలేదు.

నాకు అది తెలిసింది ఉద్యోగంలో చేరిన తరువాత. జమాబందీకి అడంగళ్ళు తెచ్చి సరిచూసేటప్పుడు, పట్టాదారు గడిలో పేరు ఉంటుంది. సాగు చేస్తున్నవారి గడిలో కూడా మళ్ళీ ఆ పట్టాదారు పేరే ఉంటుంది. ఊళ్ళో సగం భూమి కౌలులో ఉందని అందరికీ తెలుసు. కాగితంలో మాత్రం కౌలుదారు కనిపించడు. కనిపిస్తే హక్కు వస్తుందని ఆసామికి భయం. అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరని కౌలుదారుకు భయం. 1956లోనే కౌలుదార్ల చట్టం వచ్చినా పరిస్థితి ఇది. ఇరవై ఏళ్ళకు పైగా దున్నిన మా నాన్నగారి పేరు ఏ అడంగల్‌లోనూ లేదు. ఒకసారి మా ఊరి పాత అడంగళ్ళు నా బల్ల మీదకు వచ్చినప్పుడు, పని మానేసి ఆ మూడెకరాల సర్వే నంబరు వెతికాను. సంవత్సరం తరువాత సంవత్సరం చూశాను. రైతు, రైతు అని రంగాగారు అరవై ఏళ్ళు మాట్లాడారు. ఆ మాటలో పట్టా ఉన్న రైతు నిండుగా ఉన్నాడు. పట్టా లేని రైతు ఉన్నాడా అన్నది ఆ రోజు నాకు కలిగిన సందేహం. ఆయన మీద గౌరవం ఉండి కూడా ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెనాలిలో ఓడినవారు కొద్ది నెలలకే చిత్తూరులో తేలారు. అక్కడి సభ్యులు మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారు బీహారు గవర్నరుగా వెళ్ళడంతో ఉప ఎన్నిక వచ్చింది. రంగాగారు అందులో గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. 1964లో రాజ్యాంగం 17వ సవరణ వచ్చినప్పుడు, ఎస్టేటు అన్న మాట కిందికి రైత్వారీ భూములను కూడా తేవడాన్ని స్వతంత్ర పార్టీ గట్టిగా ఎదిరించింది. రెవెన్యూ వాసన తెలిసిన మనవాళ్ళకు ఆ ఒక్క మాటలో ఎంత ఉందో వేరే చెప్పనక్కరలేదు.

1967లో చిత్తూరు కూడా చేయిచ్చింది. అప్పుడు శ్రీకాకుళం ఆదుకున్నది. గౌతు లచ్చన్నగారు రంగాగారి శిష్యులు. మందస జమీందారీ రైతుల పోరాటంలో రాటుదేలినవారు. ఆ ఎన్నికలలో ఆయన శ్రీకాకుళం లోక్‌సభకు, సోంపేట శాసనసభకు రెండింటికీ గెలిచి, లోక్‌సభ స్థానాన్ని వదులుకున్నారు. ఆ ఖాళీలో గురువుగారు నిలబడి గెలిచారు. గెలిచిన సీటును మరొకరి కోసం ఖాళీ చేయడం ఎంత అరుదో మన కార్యాలయాలలో బదిలీల కోసం కొట్టుకున్నవారికి బాగా తెలుసు. నేను సర్వీసులో ఉండగా, మంచి సెక్షను ఒకటి ఒక మిత్రుడి కోసం వదులుకోమంటే ఆలోచిస్తానని చెప్పి నెల రోజులు కనపడకుండా తిరిగాను. ఆ లోక్‌సభలో స్వతంత్ర పార్టీ 44 మంది సభ్యులతో కాంగ్రెసు తరువాత అతి పెద్ద పార్టీ. సభలో ఆ పక్షానికి నాయకులు రంగాగారే.

1971లో ఇందిరాగాంధీగారి గాలికి ఆ పార్టీ 8 స్థానాలకు పడిపోయింది. రంగాగారు పార్లమెంటుకు దూరమయ్యారు. అప్పటికి డెబ్బై దాటాయి. ఎవరైనా ఇక చాలనుకుంటారు. ఆయన తిరిగి కాంగ్రెసులో చేరి, 1977లో రాజ్యసభకు వెళ్ళి, 1980 జనవరిలో గుంటూరు లోక్‌సభకు హస్తం గుర్తు మీద నిలబడ్డారు. సొంత జిల్లా నుండి లోక్‌సభకు ఆయన గెలిచి అప్పటికి 23 ఏళ్ళయింది. ఆ ఎన్నికలలో మన రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెసువే కనుక అందులో ఆశ్చర్యం లేదంటారు. సరే.

1984 సంగతి అలా కొట్టిపారేయడానికి వీలులేదు. 1983లో ప్రభుత్వం మన పదవీ విరమణ వయస్సు 58 నుండి 55కు తగ్గించినప్పుడు ఎంతమంది ఇళ్ళలో పొయ్యి మీద పిల్లి లేవలేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తరువాత మళ్ళీ 58 చేశారు గాని, ఆ మధ్యలో ఇంటికి వెళ్ళినవారి బాధ తీరలేదు. మా సెక్షనులో ఒక పెద్దాయన కూతురి పెళ్ళి నిశ్చయమైన నెలలోనే రిలీవు ఉత్తర్వు అందుకున్నారు. 55 ఏళ్ళవాడు పనికిరాడని తేల్చిన ఆ కాలంలోనే, 84 ఏళ్ళ మనిషి గుంటూరు వీధులలో ఓట్లడిగారు. రాష్ట్రమంతటా సైకిలు గాలి. దేశమంతా కాంగ్రెసు గెలిస్తే మన దగ్గర ఆ పార్టీకి దక్కినవి 6 స్థానాలు. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి. 1989లో, 89 ఏళ్ళ వయస్సులో, మళ్ళీ గుంటూరు నుండే గెలిచారు. ఆ డిసెంబరులో తొమ్మిదో లోక్‌సభ కొలువుదీరినప్పుడు తాత్కాలిక స్పీకరుగా ఉన్నది ఆయనే. అప్పటికి ఆయన పార్టీ ప్రతిపక్షంలో ఉంది.

1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1995 జూన్‌లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తరువాత ఆ పేరు గల విశ్వవిద్యాలయం మన గుంటూరు లాం దగ్గరకు వచ్చింది. ఆయన రాసిన డెల్టా గ్రామాల లెక్కలు ఈనాటి విద్యార్థులు చదువుతున్నారో లేదో కనుక్కోవాలి.

ఇక 1984 ఎన్నిక దగ్గరకు మరొక్కసారి. కౌలు మానుకున్న తరువాత మా నాన్నగారు గుంటూరులో నా దగ్గరకు వచ్చేశారు. అడంగల్‌లో ఎక్కని ఆయన పేరు ఓటర్ల జాబితాలో ఇంటి నంబరుతో సహా ఎక్కింది. జాబితా అచ్చు ప్రతి ఆఫీసుకు వచ్చినప్పుడు ఆ పేజీ ఇంటికి తీసుకువెళ్ళి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. పోలింగు రోజు నాకు డ్యూటీ వేరేచోట పడింది. రాత్రి సామగ్రి అప్పగించి ఇంటికి వచ్చేసరికి ఆయన వేలికి సిరా మరక ఉంది. ఎవరికి వేశారని అడిగాను. 1957లో, 1962లో అడగకుండానే ఊరంతా వినేలా చెప్పినవారు, ఈసారి నువ్వు ప్రభుత్వోద్యోగివి, అడగకూడదని నా నోరు మూయించారు.

లెక్కింపు రోజు నన్ను కౌంటింగు అసిస్టెంటుగా వేశారు. కాగితాలు విప్పడం, గుర్తుల వారీగా వేరుచేయడం, కట్టలు కట్టడం. సైకిలు ఒక దొంతర, హస్తం ఒక దొంతర. ఒంటిగంటకల్లా నడుం పట్టేసింది. మా వార్డు పెట్టె మా బల్లకే వచ్చిందో, పక్క బల్లకు వెళ్ళిందో తెలియదు. వచ్చినా అన్ని కాగితాలూ ఒక్కలాగే ఉంటాయి. అయినా ముద్ర కొంచెం వంకరగా పడిన కాగితం చేతికి వచ్చినప్పుడల్లా, ఏ గుర్తు మీద పడిందో ఒక క్షణం ఎక్కువ చూసి దొంతరలో పెట్టాను. సూపర్‌వైజరు రెండుసార్లు తొందరపెట్టారు. ఆలస్యానికి కారణం చెప్పలేదు.